తుమ్ముకు ముందు

తుమ్ము రాగానే రమాదేవి యూనివర్సిటీ క్యాంపస్ రోడ్డు మీదే కాళ్లు కత్తెరేసి నిలబడిపోయింది.

అయినా చీర తడవనే తడిసింది.

రెండో కాన్పు అయినప్పటి నుంచీ ఇదే తంతు. నలభై ఆరేళ్లొచ్చాక మరీ ముదిరింది. నలుగురిలో నవ్వాలన్నా భయమే.

ఎన్నాళ్లకో పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపీ మేడమ్ దగ్గర తేదీ దొరికితే, సరిగ్గా అప్పుడే ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చిపడింది. ఓపీ బంద్. బస్సులూ బంద్. తార్నాక నుంచి క్యాంపస్ దాటి ఆఫీసుకు నడకే గతి.

"గట్ల కాళ్లు ముడిస్తే ఆగది చెల్లె."

సమ్మె శిబిరం ముందు రోడ్డు ఊడుస్తున్న పెద్దావిడ దగ్గరికొచ్చింది.

రమాదేవి ముఖం కందగడ్డయింది. "ఏం ఆగేది?"

"సిగ్గెందుకు? కాన్పయిన ఆడోళ్లల్ల మస్తు మందికి ఉంటది. మూత్రం, గాలి రెండూ ఆపుకున్నట్టు లోపలికెల్లి పైకి గుంజు. ఊపిరి మాత్రం బిగవట్టకు. అయిదు లెక్కవెట్టి ఇడిసిపెట్టు. పదిసార్లు, దినాం మూడు పూటలు. తుమ్ము వస్తదంటే ముందుగాలనే గుంజాలె."

"నీ ఊడ్చే పని నువ్వు చూసుకోమ్మా. నేను పెద్ద మేడమ్‌కు చూపించుకుంటాను."

ఆవిడ నవ్వింది. "మేడమైనా గిదే చెప్తది. పేరేంది?"

"రమాదేవి. తార్నాక."

ముక్తసరిగా చెప్పి కదిలింది. చీపురు పట్టినామె పేరుతో తనకేం పని?

మాట రుచించలేదు గానీ, చెవిన పడనే పడింది. ఆఫీసు కుర్చీలో కూర్చుని ఎవరికీ తెలియకుండా మొదలుపెట్టింది.

రోజూ శిబిరంలోంచి అదే గొంతు: "గుంజుతున్నవా?"

"ఆఁ" అని తలెత్తకుండా పోయేది రమాదేవి.

సమ్మె ముగిసింది. శిబిరం ఎత్తేశారు.

మూడో నెలలో, అదే చోట మళ్లీ తుమ్మొచ్చింది. ముందే బిగించింది. చీర పొడిగా ఉంది.

నడిరోడ్డు మీద ఒక్కతే పకపకా నవ్వింది. ఆవిడకు చెబుదామని చూస్తే ఖాళీ ఫుట్‌పాత్. పేరైనా అడక్కపోతినే అని ప్రాణం ఉసూరుమంది.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గదిలో వేరే డాక్టరమ్మ పరీక్ష చేసి ఆశ్చర్యపోయింది. "చక్కగా చేస్తున్నారే! ఎవరు నేర్పారు?"

"సమ్మెప్పుడు రోడ్డూడ్చే ఆమె ఒకతి..."

"అప్పుడు నిరసనగా మా స్టాఫంతా రోడ్లు ఊడ్చాం లెండి." డాక్టరమ్మ పాత రిజిస్టరు తీసింది. "మీరు చూపించుకోవాల్సిన సారలమ్మ మేడమే మీ తేదీ దగ్గర ఏదో రాశారు. పోయిన నెలే రిటైరై ఊరెళ్లిపోయారు."

రమాదేవి వంగి చదివింది.

"రమాదేవి, తార్నాక: శిబిరం ముందట చూసిన, చీపురు చేతుల ఉండంగ, చెల్లె దినాం గుంజుతున్నది."