తెర మీద మిగిలిన మాట

వెనక గదిలో జిరాక్సులు తీసి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్న మల్లీశ్వరి ఉలిక్కిపడింది. తెర మీద డిక్షనరీ తెరిచి ఉంది. అందులో ఒకటే మాట: ‘అపాలజీ’.

గిద్దలూరులోని ఆ జిరాక్స్, ఇంటర్నెట్ షాపులో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకుని తొమ్మిది రోజులైంది. మల్లీశ్వరి ఇంగ్లీషు చూసి మొగుడు కేశవులు అందరి ముందూ నవ్వినప్పటి నుంచి, ఏ మాటకు అర్థం కావాలన్నా ఆమె మొగుణ్ణి మానేసి కంప్యూటర్లోని ఆ డిక్షనరీనే అడుగుతోంది.

టీ తాగి వచ్చిన కేశవులు కూడా తెర చూశాడు. మొహం మతాబులా వెలిగింది.

“సరేలే, క్షమించినా!” ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

“నువ్వు క్షమించేదేంది? ఆ మాట వెతికింది నువ్వు గదా!” అంది మల్లీశ్వరి.

“నేనా? నేను టీకి పోయింటి గదా!”

నవ్వు పొంగుకొచ్చింది. ఆపుకోలేక ఇద్దరూ చెరో పక్క టేబుల్ పట్టుకున్నారు.

అంతలో గుమ్మంలోకి ఒక పెద్దాయన వచ్చాడు. “అమ్మా, ఇందాక మీరిద్దరూ ఇక్కడ లేనప్పుడు ఆ మాట వెతికింది నేనే. కళ్లజోడు బస్టాండులో మరిచొచ్చినానని సగంలో లేచిపోయినా. అలిగిన అల్లుడికి మెయిల్ పెట్టాల.”

“మెయిలెందుకు పెద్దాయనా!” కళ్లు తుడుచుకుంటూ అంది మల్లీశ్వరి. “అల్లుణ్ణి తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టి, మీరు టీకి పోండి!”