నమ్మకస్తుడి పెట్టె

గణపతిరావు మీద నీలవేణికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన ఎప్పుడూ తప్పు చేయడు. విజయనగరంలో చీపురుపల్లి బండి అనుకుని వేరే బండెక్కి బొబ్బిలిలో తేలినప్పుడు కూడా రైలే దారి తప్పిందన్నాడు. కూరలో ఉప్పు ఆయన వేశాడంటే, ఎక్కువైంది ఉప్పు కాదు, తక్కువైంది కూర. "తప్పు నాదే" అన్న మాట ఆ నోటి నుంచి ఒక్కసారి వినాలని ఆవిడ ముచ్చట. దాని బదులు వడ్డాణం అడిగి ఉంటే ఈపాటికి వచ్చేసేది.

శ్రీలంక చూసి వస్తున్న ఓడలో, గది గుమ్మం దగ్గర మళ్ళీ మొదలైంది. రేవు దగ్గర పడుతోంది. పెట్టెలు బయట పెడితే ఓడవాళ్ళే పట్టుకెళ్ళి రేవు హాల్లో పేరుస్తారు. నీలవేణి తమ నల్ల పెట్టె పిడికి పాత చీర అంచు చింపి కట్టింది. చిలకపచ్చ మీద ఎర్ర గళ్ళు.

"ఏటే ఇది? గంగిరెద్దుకి కట్టినట్టు!"

"ఓడ నిండా నల్ల పెట్టెలేనండీ. గుర్తుండొద్దూ?"

"ట్రస్టెడ్ ట్రావెలర్ పెట్టెకి గుడ్డపీలికా! పెట్టె మొహం సూస్తే సాలు, పోల్చుకుంటాను."

ముందే వేలిముద్రలూ ఫోటో ఇచ్చి, నమ్మదగ్గ ప్రయాణికుడినని పేరు రాయించుకుంటే రేవులో పెద్ద వరసలో నిలబడక్కర్లేదు. వేరే దారిన చకచకా బయటపడొచ్చు. గణపతిరావు రాయించుకున్నాడు. నమ్మదగ్గవాడని సర్కారే చెప్పాక ఇంట్లో ఆయన్ని పట్టడం ఇంకా కష్టమైంది. నీలవేణి మాత్రం, నలుగురితో పాటు నేనూ వస్తానంది.

పీలిక ఊడదీసి నడవలోకి విసిరేశాడు. ఆవిడ వెళ్ళి ఏరుకుంది. ఏ గుడ్డముక్కనీ ఊరికే పోనిచ్చే మనిషి కాదు.

"పందెం ఏసుకుందామా? నువ్వు ఆ పెద్ద వరసలోంచి వచ్చేసరికి పెట్టె కార్లో ఉంటాది. నేను రెండో టీ తాగుతుంటాను. నేను నెగ్గితే, ఇకమీద నా మాటకి ఎదురు సెప్పకూడదు."

"ఓడిపోతే?"

"నీ తమ్ముడి ముందు, నువ్వేటి అనమంటే అది అంటాను."

"ఏటి అనమంటానో తెలుసు కదా?"

"తెలుసు. ఆ అవసరం రాదు."

తమ్ముడు నాగబాబు బొబ్బిలి నుంచి కారు తీసుకొచ్చి రేవు గుమ్మం బయటే కాచుకుని ఉన్నాడు.

రేవులో గణపతిరావు చిన్న గేటు మీద వేలు పెట్టాడు. గేటు తెరుచుకుంది. ఎన్నికల్లో గెలిచినవాడిలా వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. నీలవేణి ఉన్న వరస మాత్రం జీడిపాకంలా సాగుతోంది. అద్దాల్లోంచి చూస్తుండగానే ఆయన పెట్టెల మధ్యకి వెళ్ళాడు, ఒకటి లాక్కున్నాడు, మాయమయ్యాడు. పందెం పోయినట్టే. ఇక బతికినన్నాళ్ళూ ఎదురు చెప్పకూడదు. కూర సంగతిలో కూడా!

తీరా తన వంతు వచ్చి కస్టమ్స్ బల్ల దగ్గరికి చేరేసరికి, టీ తాగుతూ ఉండాల్సిన మనిషి అక్కడే ఉన్నాడు. ఆయన ముందు పెట్టె బార్లా తెరిచి ఉంది. బల్ల మీద సవరాలు, జడగంటలు, గజ్జెలు.

"ఈ సవరాలు మీవేనా సార్?"

"నావే."

"గజ్జెలు?"

"నావే."

"ఈ ఎర్ర పరికిణీ?"

గణపతిరావు కాలరు సర్దుకున్నాడు. "నాదే. నేను ఒకరి పెట్టె తీసే మనిషిని కాదండీ."

ఆఫీసరు తల పట్టుకున్నాడు. "మీవే అయితే అమ్మకానికి తెచ్చారనుకోవాలి. సుంకం పడుతుంది, మీ ట్రస్టెడ్ ముచ్చటా తీరిపోతుంది. తప్పు పెట్టె తెచ్చానని ఒక్క మాట అనండి, వదిలేస్తాను. ఇందాకటి నుంచీ ఇదే బతిమాలుతున్నాను." నీలవేణి వైపు తిరిగాడు. "అమ్మా, ఈయన మీకు తెలుసా? పరికిణీ అయినా తనదే అంటున్నారు గానీ తప్పు ఒప్పుకోరు."

"అయితే మా ఆయనేనండీ."

గుమ్మంలోంచి నాగబాబు తల దూర్చాడు. "ఏటి బావా, ఆ పరికిణీ నీదేటి? ఒకపాలి కట్టి సూపించు!"

గణపతిరావు బావమరిదిని చూశాడు, పరికిణీని చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"తప్పు నాదే!" హాలంతా మోగింది. "పెట్టె మొహం నాకు తెలీలేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పీలిక కనపడింది. నీలవేణి మళ్ళీ కట్టేసింది, మంచి పని సేసింది అనుకుని తీసాను. సాలా?"

"ఇంకోసారి అను బావా, సరిగ్గా ఇనపళ్ళేదు!" అన్నాడు నాగబాబు.

నీలవేణికి ఓడ మళ్ళీ కదిలినట్టయింది. పెళ్ళినాటి మంత్రాలు కూడా ఇంత కమ్మగా వినపడలేదు. ఆఫీసరు నవ్వుతూ పెట్టె మూత వేశాడు. పిడికి చీర అంచు వేళ్ళాడుతోంది. చిలకపచ్చ మీద ఎర్ర గళ్ళు. ఆవిడ నవ్వు సగంలో ఆగింది.

వెనకనుంచి, రోజూ ఓడలో నాట్యం చేసిన సుహాసిని రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! నా పెట్టెకి పేరు చీటీ ఊడిపోయిందంటే గుర్తుకని మీరు గుడ్డపీలిక కట్టారు కదా! హాలంతా గాలించాను, పెట్టె లేదు! మీది మాత్రం అక్కడే ఉంది!"

గణపతిరావు మెల్లగా పెళ్ళాం వైపు తిరిగాడు. ఆఫీసరు తిరిగాడు. నాగబాబూ తిరిగాడు.

"తప్పు నాదేనండీ," అంది నీలవేణి హాయిగా. "సూసారా, ఎంత సులువో!"