ఆరో గుంట

నాణేల సంత జరుగుతున్న హాలు గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకుని మాస్టారు కూలబడ్డారు. బస్సు దిగి ఇరవై అడుగులు వేశారో లేదో, ఆయాసం.

"నువ్వే ఓ చుట్టు చుట్టిరా. నా వల్ల కాదు," అన్నారు భార్యతో.

ఆవిడ వల్ల మాత్రం ఏమవుతుంది గనక! మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. అయినా తొమ్మిదేళ్ళుగా ఎక్కడ సంత జరిగినా ఇదే వరస. ఆయన గుమ్మంలో, ఆవిడ బల్లల చుట్టూ. ఇరుగుపొరుగు బట్టలు కుట్టి కూడబెట్టిందంతా ఈ తిరుగుళ్ళకే హారతి కర్పూరమైపోతోంది.

మాస్టారు పిల్లలకి డ్రాయింగ్ నేర్పి రిటైరైన మనిషి. జీవితంలో చేసిన ఒకే ఒక్క దుబారా, ఒళ్ళో ఉన్న ఆ ఎర్ర పెట్టె. అందులో 1927 నాటి బ్రిటిష్ వెండి ప్రూఫ్ నాణేలు. ఖర్చు పెట్టుకోవడానికి కాదు, దాచుకోవడానికని అద్దంలా మెరిసేటట్టు ముద్రించినవి. మొత్తం ఆరు గుంటలు. ఐదు నిండాయి. అన్నిటికన్నా చిన్నది, మూడు పెన్నీల బిళ్ళ, అదొక్కటే లేదు.

గుండె ఆపరేషన్ అయ్యాక ఆయన రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నారు. తిండి సహించలేదు, మనుషులు సహించలేదు. ఓ రోజు పేపర్లో నాణేల సంత ప్రకటన కనబడింది. లేచి కూర్చుని గడ్డం గీసుకున్నారు. అప్పట్నుంచీ ఈ సంత నుంచి ఆ సంతకి బతుకుతున్నారు.

"ఆ ఒక్కటీ దొరికితే ఇంక నాకే కోరికా లేదే. హాయిగా కళ్ళు మూస్తాను," ఇవాళా అదే మాట.

"అలాగే మూద్దురుగాని. ముందా మాత్ర వేసుకోండి," అంటూ ఆవిడ నీళ్ళ సీసా చేతికిచ్చింది. ఆయన చొక్కాకి పై గుండీ లేదు. ఇంటికెళ్ళాక కుట్టాలనుకుంది.

ముప్పై బల్లలు. కాళ్ళీడ్చుకుంటూ అన్నీ తిరిగింది. చివరి బల్ల దగ్గర బట్టతల వర్తకుడు స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"మీ ఓపికకి దండం పెట్టాలమ్మా."

"ఓపికా పాడా! నా ప్రాణం ఎప్పుడో విసిగిపోయింది బాబూ," అంది ఆవిడ. కాసేపు అక్కడే కూర్చుని, సంచి సర్దుకుని లేచింది.

తిరిగొస్తున్న భార్య మొహంలోకి మాస్టారు పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లాడిలా చూశారు.

"లేదండీ."

ఆయన తల వాల్చేశారు. ఆవిడ పక్కన నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

కాసేపటికి ఆయనే తలెత్తారు. "మళ్ళీ సంత ఎప్పుడట?"

"రెండు నెలలకి."

"అయితే ఈలోగా కొత్త కళ్ళజోడు చేయించుకోవాలి."

ఇంటికొచ్చి, కడుపునిండా తిని, మాస్టారు గురక పెట్టి నిద్రపోయారు. ఆవిడ చొక్కా ఒళ్ళో వేసుకుని గుండీల డబ్బా ముందుకు లాక్కుంది.

సరిపోయే గుండీ ఒకటి ఏరి పక్కన పెట్టి, సంచిలోంచి తీసిన మూడు పెన్నీల బిళ్ళని డబ్బా అడుగున ఇదివరకటి నాలుగింటి పక్కన పెట్టి, పైన గుండీలు కప్పేసింది.