ఎవరూ తిట్టని ఇల్లు

"ఎవరితో ఆయీ, అంత గుసగుసగా?" వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది వృషాలి.

తల్లి నీలాంబరి ఉలిక్కిపడి ఫోన్ కట్ చేసింది. "ఎవరో రాంగ్ నంబరు."

"రాంగ్ నంబరు వాళ్లకి 'ఫొటో కూడా పంపించాంగా' అని చెబుతారా?"

"నీ చెవులెప్పుడూ ఇటే. వెళ్లి స్నానం చెయ్యి. అటుకులు తాళింపు పెడుతున్నా."

పళ్లెంలో సన్నగా తరిగిన ఉల్లిపాయలు, తడిపిన అటుకులు చూసేసరికి వృషాలి గుమ్మంలోనే ఆగిపోయింది. నాసిక్‌లో పిల్లను చూడ్డానికి ఎవరొచ్చినా ముందు పెట్టేది ఆ ఉల్లిపాయ అటుకులే. తల్లి తెల్లారగట్లే లేచి వాటికి చెయ్యి అలవాటు చేసుకుంటున్నట్టుంది.

పోయిన వారం ఎంబీఏ సీటు కోసం రాసిన క్యాట్ ఫలితం వచ్చింది. యాభై రెండు పర్సెంటైల్. రాసినవాళ్లలో దాదాపు సగం మంది తనకంటే ముందున్నట్టు. ఏ బిజినెస్ స్కూలూ గడప తొక్కనివ్వదు. తలుపేసుకుని ఏడ్చి ఏడ్చి, ఇక ఇల్లు దద్దరిల్లుతుందనుకుని బయటికొచ్చింది. ఏమీ కాలేదు. క్లాస్ టెస్టులో ఒక్క మార్కు తగ్గితే వీధంతా వినేలా అరిచిన తండ్రి, ఆ రోజు జిలేబీ పొట్లం చేతిలో పెట్టి, "పోతే పోయిందిలే. తిను" అన్నాడు. తల్లి మాటిమాటికీ తల నిమిరింది. అనుమానం అక్కడే మొదలైంది. తిట్టే ఇల్లు తిట్టడం మానేసిందంటే వెనకాల ఏదో వండుతున్నట్టే.

మధ్యాహ్నం భోజనానికి తండ్రి దిలీప్ తన దుకాణం నుంచి వస్తూ ఓ చీర తెచ్చాడు. లేత నీలం, సన్నంచు.

"ఎవరికి బాబా?"

"మీ ఆయీకి."

"పండగా పబ్బమా, ఇప్పుడెందుకు?"

"ఊరికే. పెళ్లానికి చీర కొంటే నేరమా?"

పెళ్లయినప్పటి నుంచీ చీరల దుకాణం మెట్టెక్కని మనిషాయన. ఆ మాట తల్లే రోజూ దెప్పుతుంది. ఇప్పుడు మాత్రం నీలాంబరి చీర వంక చూసి కిమ్మనకుండా లోపల దాచేసింది. వృషాలి అన్నం మెతుకులు కెలుకుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా శ్రద్ధగా పప్పన్నం తిన్నారు.

భోజనమయ్యాక దిలీప్ ఫోన్ తీసుకుని బాల్కనీలోకి జారుకున్నాడు. వృషాలి చప్పుడు కాకుండా వెళ్లి పరదా వెనక నిలబడింది. అవతల పుణెలో ఉండే మేనత్త కుందా.

"శనివారం పదకొండింటికే కదా కుందా... ఆ, పొద్దున్నే బయల్దేరి వచ్చేస్తాం... భయమల్లా వయసు గురించే. వాళ్లేమనుకుంటారో... అడిగినదానికి తల దించుకోకుండా జవాబు చెబితే చాలు, అంతా కుదిరినట్టే... అవును, కుదిరితే ఇక పుణెలోనే ఉండాలి... వృషూకా? ఇంకా చెప్పలేదు. పుండు పచ్చిగా ఉంది, ఇప్పుడు చెబితే తట్టుకోలేదు."

పరదా గుడ్డ వృషాలి పిడికిట్లో నలిగింది. ఇరవై మూడేళ్లకే వయసు మీరిపోయిందన్నమాట. పైగా మేనత్త ఇంట్లో పెళ్లిచూపులు. నాసిక్‌లో పెడితే కూతురు గొడవ చేస్తుందని పుణెలో పెట్టారు.

గదిలోకి వెళ్లి బ్యాగు మంచం మీదికి లాగింది. చేతికందిన బట్టలన్నీ అందులో కుక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు.

"ఎక్కడికే?" అంది నీలాంబరి.

"ఏదో ఒక హాస్టలుకి. నేను ఎవడి ముందూ పళ్లెం పట్టుకుని కూర్చోను."

"ఎవరు కూర్చోమన్నారు?" దిలీప్ తెల్లబోయాడు.

"ఇంకా దాచకండి బాబా. అంతా విన్నా. ఫొటో పంపారు, చీర కొన్నారు, కుందా ఆత్యతో మంతనాలు చేశారు. ఒక్కసారి తప్పితే బరువు దించేసుకోవడమేనా? ఎక్కడ తప్పానో నాకు తెలుసు. లెక్కలొచ్చు కదా అని వాటి దగ్గరే కూర్చుని ఇంగ్లీషు గాలికొదిలేశా. ఈ ఏడు ఏదైనా ఉద్యోగం చేసుకుంటూ మళ్లీ చదువుతా. నా పరీక్ష నేనే గట్టెక్కుతా. మీరు అవునన్నా కాదన్నా సరే."

అన్నేసి మాటలు ఒక్క ఊపిరిలో అనేసరికి ఆమెకే ఆశ్చర్యమేసింది. వారం రోజులుగా నోట్లోంచి మాటే సరిగా రాలేదు.

దిలీప్ భార్య వంక చూశాడు. నీలాంబరి కళ్లు చెమర్చాయి, కానీ పెదాల మీద నవ్వు ఆగడం లేదు. "విన్నారా? మళ్లీ రాస్తానంటోంది. ఈ మాట కోసమే కదా ఎదురుచూస్తున్నాం."

"నీకు పెళ్లిచూపులు లేవు, గాడిదగుడ్డూ లేదు," అన్నాడు దిలీప్. "రాయి. పదిసార్లు రాయి. వద్దన్నదెవరు?"

"మరి శనివారం పుణెలో ఏముంది?"

దిలీప్ గొంతు సవరించుకుని నేల చూపులు చూశాడు. "నువ్వే చెప్పు నీలా. నావల్ల కాదు."

నీలాంబరి బ్యాగు పక్కకి జరిపి, కూతుర్ని మంచం మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. ఆమె చేయి తన చేతుల్లోకి తీసుకుంది. తప్పు చేసి పట్టుబడిన చిన్నపిల్లలా గొంతు తగ్గించింది.

"బిజినెస్ స్కూలు వాళ్ల ఇంటర్వ్యూ. ఏడాదంతా నీకు ప్రశ్నలు చదివి పెట్టానా... నీకు చెప్పకుండా నేనూ ఆ పరీక్ష రాశాను వృషూ, నాకు తొంభై మూడొచ్చింది."