అర అంగుళం గాలి

"భద్రతా కాగితంలో మీరు రాసిన జిగురు సాంద్రతతోనే బరువు లెక్కగట్టి ట్యాంకుకు స్టాండు వేశాం మేడమ్. ట్యాంకులోకి జిగురు ఎక్కుతోంది," అన్నాడు వెల్డరు. "స్టాండు కింద బోల్టులు బిగిస్తూ మా తమ్ముడు జంకుతుంటే, మేడమ్ మాటంటే రాతిమీద గీతరా అన్నాను."

కెమిస్టు చూపు బల్ల మీది సీసాపై పడింది. నిన్న అంచుదాకా నింపి తూచిన జిగురు అర అంగుళం దిగి ఉంది. బుడగలు పోయేదాకా ఆగకుండా, తను గాలితో కలిపి తూచేసింది. అసలు బరువు ఇంకా ఎక్కువ.

"పంపు ఆపించండి! తమ్ముణ్ణి బయటికి రమ్మనండి!"

అతను ఫోనులో అరిచాడు. తమ్ముడు బయటికొచ్చాక ఊపిరి పీల్చుకుని, "మీ త్రాసు పాడైపోయి ఉంటుంది మేడమ్," అన్నాడు, ఆమెను తప్పుపట్టడం చేతకాక.

అవునంటే సరిపోయేది.

"త్రాసు మంచిదేనండీ," అంది, అతని ముఖం చూడలేక. "గంటసేపు ఆగలేకపోయింది నేనే."