శుక్రవారం దాకా బ్యాటరీ

"శుక్రవారం దాకా వస్తుందా, రాదా?"

రేడియో బల్ల కింద ఉన్న కారు బ్యాటరీని కాలి బొటనవేలితో చూపిస్తూ అడిగాడు భవానీప్రసాద్. "బీయస్సీ చదివావుగా. లెక్క కట్టి చెప్పు."

పుష్పవతి చేతిలో కంచం కింద పెట్టింది.

ఊరికింకా కరెంటు రాలేదు. ఊళ్ళో ఉన్న ఒక్క రేడియో వాళ్ళదే. ముందు రోజే, ఆదివారం నాడు, భర్త ఆ బ్యాటరీని నందిగామ తీసుకెళ్ళి నబీ కొట్లో ఛార్జింగ్ చేయించి తెచ్చాడు. శుక్రవారం సాయంత్రం అతని మేనమామ దశరథరామయ్య గారి హరికథ రేడియోలో వస్తుంది. ఊరి పెద్దలందరినీ వినడానికి పిలిచేశాడు. ఆ రోజంతా ఇంట్లోనే ఉండి ఏర్పాట్లు చూస్తానన్నాడు.

పుష్పవతికి కావలసిందీ ఆ శుక్రవారమే. ఆ ఉదయం జగ్గయ్యపేట ఆడపిల్లల స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. సర్టిఫికెట్లు పట్టుకుని స్వయంగా రావాలన్నారు.

"మా ఇంటి కోడలికి బస్సెక్కి ఉద్యోగానికి పోయే గతి పట్టలేదు" అని భర్త తేల్చేశాడు. "వాడు వద్దన్నాక వద్దంతే" అంది అత్తగారు తిరపతమ్మ. సర్టిఫికెట్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పెట్టె తాళంచెవి అత్తగారి మొలలో ఉంది. బావి కూడా పెరట్లోనే ఉండటంతో, కాపురానికి వచ్చాక పుష్పవతి ఒంటరిగా వీధి గుమ్మం దాటే అవసరమే రానివ్వలేదు వాళ్ళు.

బ్యాటరీ రాదని అబద్ధం చెబితే? రేపే మళ్ళీ నందిగామ వెళ్ళి చేయించుకొస్తాడు. శుక్రవారం ఎలాగూ ఇంట్లోనే ఉంటాడు. అబద్ధంలోనూ దారి లేదు.

నిజమే చెప్పింది.

"మీద అరవై ఆంపియర్ అవర్లని ఉందండి. పాతది కాబట్టి నలభై అనుకోవాలి. సెట్టు గంటకి మూడు లాగుతుంది. అంటే పదమూడు గంటలు. ఇవాళ్టి నుంచి సాయంత్రాలు రెండేసి గంటలు పెట్టుకుంటే, హరికథ అయ్యాక కూడా మూడు గంటలు మిగులుతాయి."

గడప మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న తిరపతమ్మ తలెత్తింది.

"రేపట్నించి పగలు కూడా మోగిస్తేనో?"

"మధ్యాహ్నం కూడా రెండేసి గంటలు పెడితే, గురువారం దీపాలవేళకే అయిపోతుంది అత్తయ్యా."

"విన్నావుగా, నీ నోటితో నువ్వే చెప్పావు. పగలు దాని జోలికెళ్ళావంటే ఊరుకోను. నాకైతే ఆ దయ్యాల పెట్టెని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తది."

మర్నాటి నుంచి కాపలా మొదలైంది.

భోజనాలు కాగానే భవానీప్రసాద్ పొలానికి వెళ్ళేవాడు. అత్తగారు వేరుశెనక్కాయల బుట్ట కోడలి చేతికిచ్చి పెరట్లోకి పంపేది. "నేను కాస్త నడుం వాలుస్తా. ముందు గదిలోకి అడుగు పెట్టకు, నిద్ర చెడుద్ది" అని తలుపు చేరవేసుకునేది.

పుష్పవతి కాయలు ఒలుస్తూ రోడ్డు మీద బస్సుల చప్పుడు వినేది. ఒకటి నందిగామ వైపు, ఒకటి జగ్గయ్యపేట వైపు. చప్పుడును బట్టే ఏది ఎటు వెళుతుందో చెప్పగలదు. ఎక్కడమే లేదు.

డిసెంబరు చలి. పొయ్యి పక్కన ముడుచుకు పడుకునే పిల్లి కూడా ఆ మధ్యాహ్నాలు వంటింట్లో ఉండటం లేదు. బుధవారం బుట్ట ఖాళీ చేసి తలుపు తోసి చూస్తే, అది రేడియో మీద, తను కుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డ మీద హాయిగా పడుకుని ఉంది.

"దించనా అత్తయ్యా? గుడ్డంతా బొచ్చవుతుంది."

"దాని నిద్ర కూడా చెడగొడతావా? పో, ఇంకో బుట్ట ఉంది."

గురువారం సాయంత్రం వార్తలు మొదలవుతూనే గొంతు సన్నబడింది. గురగురమని, ఆగిపోయింది.

"ఇదా నీ లెక్క!" భవానీప్రసాద్ మండిపడ్డాడు. "నీ బీయస్సీ తగలెయ్య! రేపు ఊరంతా వస్తుంటే నా పరువేం కావాలి?"

పుష్పవతి మనసులో లెక్క మళ్ళీ వేసుకుంది. ఇంకోసారి వేసుకుంది. ఎక్కడా తప్పు కనపడలేదు. అదే బాధ. ఈ ఇంట్లో తనదంటూ మిగిలింది ఆ లెక్క ఒక్కటే. ఇప్పుడు అదీ పోయింది.

"చదువుకున్నోళ్ళ మాట నమ్మితే ఇంతే మరి" అంది తిరపతమ్మ. "పొద్దున్నే మొదటి బస్సుకి పోరా. సాయంత్రం దాకా కొట్లోనే కూర్చో. వదిలేసి తిరిగావంటే ఎవరో మార్చి పట్టుకుపోతారు, పోయినసారి లాగా."

శుక్రవారం తెల్లవారగానే భవానీప్రసాద్ బ్యాటరీని గోనెసంచిలో పెట్టుకుని నందిగామ బస్సెక్కాడు. బస్సు లేపిన దుమ్ము అణిగేదాకా తిరపతమ్మ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, మొలలోంచి తాళంచెవి తీసి కోడలి ఒళ్ళో పడేసింది.

"నీ కాయితాలు తీసుకో. నా నీలం చీర కట్టుకో. పేట బస్సొచ్చే వేళయింది."

పుష్పవతి తాళంచెవి అందుకుని లేచింది. గుక్కెడు నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. పిల్లి మళ్ళీ పొయ్యి పక్కకి చేరి ఉంది. దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"దాన్నేం చూస్తావే, మూడు మధ్యాహ్నాలూ నేను గొంతు నొక్కి నడిపిన పెట్టె ఇవాళ చల్లబడింది, అందుకని పొయ్యి దగ్గరికొచ్చింది, నీ లెక్క గంట కూడా తప్పలేదమ్మాయ్, కదులు!"