మొదటి పిలుపుకే

ఫ్రెంచివాళ్లు దిగిపోయిన మూడేళ్లకు పుదుచ్చేరిలో ఫ్లూ జ్వరం పాకింది. జనంలో భయం ఎంతుందో కనుక్కునే పనిని యానాం నుంచి వచ్చిన రామభద్రరావుకు ఆరోగ్యశాఖ ఆఫీసు అప్పజెప్పింది. అడిగితే ఎవరూ భయమని ఒప్పుకోరు. అందుకని అతను పొద్దుగూకాక ఇంటింటి ముందూ నిలబడి పిలిచేవాడు. తలుపు ఎంత ఆలస్యంగా తెరుచుకుంటే ఆ ఇంట్లో అంత భయం ఉన్నట్టు లెక్క.

ఊరి శివారు మురుంగపాక్కంలో అతని పక్కింటి ఆండాళమ్మ మొదట్లో మూడో పిలుపుకుగానీ తలుపు తీసేది కాదు.

"జొరాల కాలంలో రాత్రిపూట పిలిచేది మనిషో కాదో ఎట్ల తెలుస్తాది నైనా? అది రెండుసార్లే పిలుస్తాది, తలుపు తీస్తే పానం తీస్తాది. మూడోసారి పిలిస్తేనే మనిషని నమ్మేది" అంది.

"నా గొంతు మీకు తెలుసు కదా మామ్మగారూ, భయమెందుకండీ?" అని రోజూ నచ్చజెప్పాడు. నెల తిరిగేసరికి ఆమె మొదటి పిలుపుకే గడియ తీసేది. ఆ వీధిలో భయం తగ్గిందని అతను పైవాళ్లకు చెప్పాడు.

ఆ రాత్రి జ్వరం అతన్నే పట్టుకుంది. తలుపులు బిగించి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. వీధిలో కుక్కలు కూడా మొరగడం లేదు.

"మామ్మగారూ!"

పక్కింటి గుమ్మం ముందు ఎవరో పిలిచారు. ఆ వీధిలో ఆమెను అలా పిలిచేది తనొక్కడే. గొంతు కూడా తనదే.

తీయొద్దని అరవబోయాడు. నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు.

"వస్తా ఉండా నైనా" అంది ఆండాళమ్మ, ఆప్యాయంగా.

గడియ తీసిన చప్పుడు వినిపించింది.